ఎర్రచీర మీద పడమటెండ

మార్చి 8, శనివారం

నేరం జరిగింది. చేసినవాడు సుందరరాజ: మా నాయనకు అన్న, నాకు పెద్దనాయన, మూతబడిన మా మిల్లుకు మిగిలిన యజమాని. కార్మికుల మన్రానికి పడమటి పక్కనున్న చెక్క రెక్కల కిటికీలు పీకించి, ఆ గోడ మొత్తం పడగొట్టించి, నేల నుంచి కప్పు దాకా అద్దం పెట్టించాడు. అక్కడ బేకరీ పెడతాడట. ఉగాది నాడు తెరుస్తాడట. లోపల, ఆ అద్దానికి ఎదురుగా, రెండు పిన్‌బాల్ మెషిన్లు ఉన్నాయి. మధ్యాహ్నం మూడున్నరకు ఎండ నేల మీద మొదలవుతుంది, నాలుగున్నరకు మెషిన్ బల్ల ఎక్కుతుంది, ఆపైన పొద్దు గూకేదాకా బొమ్మ మీదే.

ఇది తెలుగులో రాస్తున్నాను. అరవదేశంలో ఉన్న ఈ ఇంట్లో అందరూ పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ దాన్ని చదవడం రాదు. అరవంలోనో ఇంగ్లీషులోనో రాస్తే టేబుల్ మీద వదిలిన మరుక్షణం అమ్మ చదివేస్తుంది. నేను అక్షరాలు నేర్చుకున్నది కరపత్రాల్లో. మొదటిది విజయవాడ స్టేషన్లో ఎవరో చేతిలో పెట్టారు, పని గంటల మీద. అర్థం కాలేదు, అందుకే వదల్లేదు. ఆ తర్వాత తెప్పించుకుంటూనే ఉన్నాను. మా అవ్వ వాటిని ‘నీ నోటీసులు’ అంటుంది.

మన్రం అంటే షిఫ్ట్ దిగిన కార్మికులు కాసేపు ఆడుకుని పోవడానికి తాత కట్టించిన హాలు. పిన్‌బాల్ మెషిన్లలో ఒకటి విదేశీది, తాత ఓడలో తెప్పించాడు. కొత్తలోనే చెడిపోయింది, విడిభాగాలు దొరకలేదు. రెండోది మనది. విదేశీదాన్ని విప్పి చూసి మిల్లు వర్క్‌షాప్‌లోనే తయారుచేశారు. బంతిని కొట్టే రెక్కలు ఫౌండ్రీలో పోత పోశారు, కాయిల్స్ మోటార్ సెక్షన్లో చుట్టారు. కార్మికులు దాన్ని గుండుపెట్టె అనేవారు. ఇప్పటికీ ఆడుతుంది. దాని వెనక నిలువుగా ఉండే అద్దం మీద బొమ్మ వేసినవాడు ఇరుళప్పన్, నూలు బేళ్ళ మీద ముద్రలు కొట్టడం అతని పని. రేక్లా బండి పందెం బొమ్మ. రెండు ఎద్దులు, గాల్లోకి లేచిన చక్రం, పగ్గాలు పట్టుకుని నిలబడ్డ ఎర్రచీర ఆడది. ఏ పందెంలోనూ ఆడది రేక్లా తోలగా ఎవరూ చూడలేదు. ఇరుళప్పన్ వేశాడు. అతను పోయాడు. ఇంకొకటి వేసేవాళ్ళు లేరు.

అన్ని రంగుల కంటే ముందు ఎరుపు పోతుంది. పోయినది మళ్ళీ రాదు. విదేశీదాన్ని చూస్తే చాలు. దాని మీద ఒకప్పుడు సర్కస్ ఉండేదట, ఇప్పుడు నీలం మరకలున్నాయి.

నాకు కోపం లేదు. జరిగింది రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

మార్చి 9, ఆదివారం

పెద్దనాయనతో మాట్లాడాను. ఆయన టేబుల్ నిండా పఫ్స్, వెజిటబుల్ ఒకవైపు, గుడ్డు పెట్టిన ముట్టైవి ఒకవైపు. బేకరీకి ఏ మాస్టర్‌ను పెట్టుకోవాలో తిని తేలుస్తున్నాడు. నేను కార్మికుల ఉమ్మడి ఆస్తి గురించి మాట్లాడుతుంటే నా ముందుకు ఒకటి తోశాడు. తినలేదు. (తర్వాత తిన్నాను. బాగుంది. అది వేరే విషయం.)

నేను మూడు దారులు చెప్పాను. మెషిన్‌ను ఉత్తరపు గోడకు మార్చాలి. లేదా తెర కట్టాలి. లేదా వెనక గదిలో పెట్టాలి. ఉత్తరపు గోడకు మారిస్తే సిగ్నల్ దగ్గర ఆగిన బండ్లవాళ్ళకు కనపడదట. తెర కడితే కొట్టు మూసినట్టు ఉంటుందట. వెనక గదిలో ఇన్నాళ్ళూ ఉంది కదా, ఎవరు చూశారని అడిగాడు. అప్పుడు, చేతులు తుడుచుకుంటూ, అసలు మాట అన్నాడు.

“నువ్వు చెప్పేది అర్థమాయె కన్నూ. ఎండ పడితే రంగు పోతాది. సరి. మిల్లు నడిచినన్నాళ్ళూ ఆ జన్నల్లు తెరిచే ఉండె కదా? అదే చోటు, అదే ఎండ. ఫారిన్‌ది వెలిసిపాయె. మనది పోయిందా? ఇరుళప్పన్ రంగు బేళ్ళకు కొట్టే రంగు. వానకూ పోదు, ఎండకూ పోదు. నీ నోటీసుల్లో అది రాయలేదా?”

నేరుగా హాలుకు పోయి రెండు బొమ్మలనూ పక్కపక్కన చూశాను.

నిజమే. మిల్లు మూసిన తర్వాతే కిటికీలు మూశారు, మెషిన్లను వెనక గదిలోకి తోశారు. అంతకుముందు ఏళ్ళ తరబడి రెండూ ఒకే ఎండలో నిలబడ్డాయి. ఒకటి నీలమైంది. ఒకటి నిన్న వేసినట్టుంది, పైన వెలిసిన చిన్న పట్టీ తప్ప.

ఎందుకు?

మార్చి 10

బొమ్మను ఫోనులో ఫొటో తీశాను. రోజూ అదే చోట నిలబడి, అదే వేళకు తీస్తాను. సాక్ష్యం కావాలి.

మార్చి 12, బుధవారం

కార్మికవర్గం దగ్గరికి పోయాను.

మిల్లు వెనక లైన్ ఇళ్ళల్లో ఆండియప్ప ఉంటాడు. రింగ్ ఫ్రేముల మీద పని చేసి రిటైరయ్యాడు. తేని పక్క నల్లరేగడి పల్లె నుంచి వచ్చినవాడు, మనలాగే ఇంట్లో తెలుగు. గుండుపెట్టె ముందు ఆయన నిలబడితే ఇంకొకరికి ఆట దక్కేది కాదని అందరూ అంటారు. నేను పోయేముందు మాటలు సిద్ధం చేసుకున్నాను. మీ చేతులతో చేసినది, మీ చెమట, మీ హక్కు.

ఆండియప్ప అంతా విన్నాడు. ఆ తర్వాత అరగంట సేపు, ఒకసారి తాను బొమ్మ వెనకున్న లైట్లన్నీ వెలిగించిన కథ చెప్పాడు. రెండో షిఫ్ట్ మేస్త్రీ వచ్చి చూశాడట. ఎద్దుల కొమ్ములు కూడా వెలిగాయట. ఆయన భార్య కరుప్పాయి గుమ్మంలో కూర్చుని చిన్నుల్లిపాయలు వలుస్తోంది. తలెత్తలేదు.

“ఎవురు చూసిరి? కాయిల్ చుట్టింది నేను. అన్ని లైట్లూ ఒకే తూరి వెలిగితే కాయిల్ కాలిపోతాది. కాలలేదు కదా. అయితే నువ్వు వెలిగించలేదు.”

“నువ్వెప్పుడైనా ఆడినావా? ఆడినోడికి తెలుసు.”

“మమ్మల్ని లోపలికి రానిస్తిరా? చుట్టేదానికి మేము, ఆడేదానికి మీరు.”

నాకు ఒళ్ళు పులకరించింది. ఇది కదా అసలు ప్రశ్న. కరుప్పాయి వైపు తిరిగి, ‘అక్కా, సరిగ్గా అదే, అందుకే మనందరం కలిసి’ అని మొదలుపెట్టాను. ఆమె ఉల్లిపాయల చేట తీసుకుని లోపలికి పోయింది. ఆండియప్ప నన్ను సాగనంపుతూ, గొంతు తగ్గించి అడిగాడు.

“అమ్మణీ, ఆ బేకరీ కడై లోపల ఏసీ ఉండాదా?”

మార్చి 13

ఆండియప్ప ఫోన్ చేశాడు. తెరిచే రోజు పఫ్స్ ఊరికే ఇస్తారా అని.

మార్చి 15, శనివారం

పెద్దనాయన మెట్టు దిగాడు. అద్దానికి ఫిల్మ్ అంటించడానికి ఒప్పుకున్నాడు, కార్ల అద్దాలకు వేసేలాంటిది. ఎండలో కంటికి కనపడని భాగాన్ని అది ఆపేస్తుందని అంటించినవాడు చెప్పాడు. కంటికి కనపడే భాగం కూడా రంగును తింటుంది కదా అని అడిగాను. వాడు పెద్దనాయన వైపు చూశాడు. పెద్దనాయన రోడ్డు వైపు చూశాడు.

నేను పరీక్ష పెట్టాను. మా మేనత్త కొడుకు దినేష్ తిరుప్పూరులో రంగుల యూనిట్ చూసుకుంటాడు. బయ్యర్ తిప్పి పంపిన ఎర్ర బనియన్ గుడ్డ ఒకటి వాడి దగ్గర నుంచి తెప్పించాను, ఎండ చూస్తేనే వెలిసిపోయే రకం. రెండు పట్టీలు కత్తిరించాను. ఒకటి ఫిల్మ్ వెనక అద్దానికి అంటించాను. ఇంకొకటి నా బీరువాలో, చీరల మధ్య.

‘ఒక బొమ్మ కోసం ఇంత గొడవ ఏమికి’ అని దినేష్ అడిగాడు. నేను చెప్పాను, నాకు బొమ్మ ముఖ్యం కాదు, సూత్రం ముఖ్యం అని. ఈ మిల్లులో యంత్రాలు అమ్మేశారు, దూది గోడౌన్ అమ్మేశారు, సంగు కూడా పాత ఇనుము కింద పోయింది. షిఫ్ట్ మారినప్పుడల్లా ఊరంతా వినేలా ఊదే ఆ సంగునే తూకానికి వేశారంటే ఇక ఏం మిగిలింది? కార్మికులు తమ కోసం తాము చేసుకున్నది ఇదొక్కటే. అందుకే. బొమ్మ కోసం కాదు.

మార్చి 16

అయినా ఆమె ముఖం చూడాలి. పగ్గాలు లాగుతూ నవ్వడం లేదు. పళ్ళు బిగించింది.

మార్చి 19, బుధవారం

మిల్లు గేటు దగ్గర గడ్డిలో పాత బోర్డు ఒకటి దొరికింది. ‘అనుమతి లేకుండా లోపలికి రాకూడదు’ అని అరవంలో. కింద మూలలో ఇరుళప్పన్ తన పేరు సన్నగా రాసుకున్నాడు. అక్షరాలు ఎర్రగా ఉండేవని కాపలా తాత అన్నాడు. ఇప్పుడు వేలితో తడిమితేనే తెలుస్తాయి. అదే మనిషి, అదే బేళ్ళ రంగు. ఎండకు పోదన్నారే?

బోర్డును మోసుకుని పోయి పెద్దనాయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, దుమ్ము నా వైపు ఊది, ‘ఇది బయట ఉండె, అది లోపల ఉండె’ అన్నాడు.

కిటికీలోంచి వచ్చేది వేరే సూర్యుడా అని అడిగాను. అరిచానట. అమ్మ అంటోంది. నేను అరవలేదు. హాలు ఖాళీగా ఉంది, గొంతు అలా వినపడింది.

మార్చి 22, శనివారం

ఫిల్మ్ వెనక పెట్టిన పట్టీ తీశాను. బీరువాలోదాని పక్కన పెట్టాను. ఎవరికైనా చూపించవచ్చు: ఒకటి మిరపపండు, ఒకటి ఉతికి ఉతికి వదిలేసిన రవిక. ఫిల్మ్ లేకపోతే ఇంకా తొందరగా పోయేదని దినేష్ అంటాడు. తొందరగా చావడానికీ మెల్లగా చావడానికీ తేడా ఉందని నాకూ తెలుసు.

ఫొటోలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. ఎర్రచీర కొంగు చివర, గాలికి ఎగిరేచోట, రోజాపూల రంగులోకి తిరుగుతోంది. ఇన్నేళ్ళు అలాగే ఉండి, ఇప్పుడు, నా కళ్ళముందు. పెద్దనాయనకు పంపాను. ఫోను కెమెరా అట్లనే తీస్తుందని బదులు వచ్చింది, బొటనవేలు బొమ్మతో.

ఇన్నేళ్ళు ఎందుకు నిలిచింది? ఇప్పుడెందుకు పోతోంది? ఇది తేలకపోతే ఆయన నోరు మూయించలేను.

మార్చి 23, ఆదివారం

నేనే కప్పేశాను. పెద్ద నల్ల గుడ్డ, రెండు మడతలు. అంచుల్లో ఇటుకలు కట్టాను. ఎవరి అనుమతీ అడగలేదు.

సాయంత్రం అవ్వ వచ్చింది. ధనమ్మాళ్, తాత భార్య, ఒకప్పుడు మిల్లుకంతా యజమానురాలు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పితో ఆటో నుంచి దిగడానికే ఇద్దరు పట్టుకోవాలి. నా చేయి పట్టుకుని మన్రం దాకా నడిచింది. గుడ్డ చూసి ఆగింది.

“ఏమే, ఎర్రచీరదాన్ని చూస్తామని వస్తే దుప్పటి కప్పినావు. దానికి జరమా?”

ఎండ ఉందని చెప్పాను. గుడ్డ తీస్తే ఒక్క రోజు ఎండ ఆమె చీర మీద పడుతుందని, ఇంకోరోజు పొద్దున్నే తీసుకొస్తానని. అవ్వ వినలేదు. కుర్చీ వేయమంది, గుడ్డకు ఎదురుగా కూర్చుంది.

“మీ తాత ఉండేటప్పుడు ఆడోళ్ళు ఈడికి రాగూడదు. ఊరంతా ఈ బొమ్మ మాటే. కార్లో పోయేటప్పుడు జన్నల్లో చూస్తామంటే యాడ కనపడె? సంగు ఊదినాక పొద్దు గూకేదాకా వీపులే. ఒక్క నాయాలన్నా పక్కకు జరిగినాడా? ఆపొద్దు వాళ్ళు మూసిరి. ఈపొద్దు నువ్వు మూస్తివి.”

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా తీయలేదు. అవ్వకు శాస్త్రం తెలియదు. ఒక్క రోజు అంటే ఒక్క రోజుతో ఆగదు. అందరికీ ఒక్కొక్క రోజు ఇస్తే ఏం మిగులుతుంది? కాపాడేవాళ్ళు కఠినంగా ఉండాలి.

అవ్వ లేచేటప్పుడు ఆ గుడ్డను చేత్తో తడిమింది, లోపల మనిషి ఉన్నట్టు.

నేను చేసింది సరైనదే.

మార్చి 24

సరైనదే.

మార్చి 25, మంగళవారం

పెద్దనాయన గుడ్డ తీయించాడు. గుడ్డతో బేకరీ బెంచీలు తుడిపించాడు. బెంచీలు!

నేను పోయి అడిగితే, పనివాళ్ళ ముందు, చాలా మెల్లగా, “దర్శినీ, సాలు” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 26

నాకు కోపం లేదు.

మార్చి 27, గురువారం

సున్నం కొట్టాను.

ఇది నా సొంత ఆలోచన కాదు, మిల్లుదే. వేసవి వస్తే మిల్లు పైకప్పు అద్దాలకు సున్నం కొట్టేవారు, లోపల వేడి తగ్గాలని, కళ్ళు జిగేల్‌మనకూడదని. అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో. పైకప్పుకు కొడితే తప్పు కానిది గోడకు కొడితే తప్పెలా అవుతుంది? పొద్దున్నే, అందరూ చూస్తుండగానే, రెండు బకెట్ల సున్నం, కొబ్బరి పీచు కుంచె, నిచ్చెన. నేను దాక్కుని ఏదీ చేయను.

ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆండియప్ప, ఆయన నేస్తులు బెంచీ మీద కూర్చుని చూశారు. ఒక్కరు లేవలేదు. సలహాలు మాత్రం ఇచ్చారు. పైన వదిలేశావు. ఎడమ పక్క పలచగా ఉంది. గుండుపెట్టె కోసమేనని చెప్పాను, మీదే కదా అది, రండి అన్నాను. ఆండియప్ప టీ ఊదుకుంటూ “గంజి కలిపినావా అమ్మణీ?” అన్నాడు. కలపలేదు. వాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పవచ్చు కదా, గంజి ఎందుకో! చెప్పలేదు. ఇదీ నా కార్మికవర్గం.

మధ్యాహ్నానికి అద్దమంతా తెల్లగా అయింది. లోపలికి పోయి చూశాను. హాలంతా పాలు పోసినట్టు మెత్తటి వెలుగు. ఎర్రచీర ఆమె ఆ వెలుగులో మొదటిసారి అలసిపోయినట్టు కనిపించింది. చాలాసేపు నిలబడ్డాను.

సాయంత్రానికి పెద్దనాయనకు ఫోన్ల మీద ఫోన్లు. తెరవకముందే బేకరీ మూసేశారా అని. మేట్టుపాళయం నుంచి ఎవరో దూరపు చుట్టం ఏకంగా పరామర్శకు ఫోన్ చేశాడట, ఇంట్లో ఎవరైనా పోయారేమోనని.

ఆయన వచ్చి అద్దం చూశాడు. నేను యుద్ధానికి సిద్ధంగా నిలబడ్డాను. సున్నం కారిన నా చేతుల వైపు చూసి నవ్వాడు. “అచ్చం మీ తాత” అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఇంతకంటే అవమానం ఏముంటుంది?

మార్చి 28, శుక్రవారం

వాన. వేసవి వాన, అరగంట, అంతే. గంజి కలపని సున్నం చారలు చారలుగా జారిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఎండ. ఇప్పుడు ఎండ కూడా చారలుగా పడుతోంది. ఒక చార సరిగ్గా ఆమె నడుము మీద.

రేపటి లోపల మొత్తం కడిగేయమని పెద్దనాయన కబురు పెట్టాడు. ఎల్లుండి ఉగాది, కొట్టు తెరవాలి. కడగను.

మార్చి 29, శనివారం

కడిగాను.

ఇది నెమ్మదిగా, వరసగా రాయాలి.

పొద్దున అంతా మొండికేసి ఇంట్లో కూర్చున్నాను. పనివాళ్ళతో కడిగిస్తానని పెద్దనాయన అంటే, నేను కొట్టినది ఇంకొకరు కడగడం దోపిడీ అవుతుందని నేనే పోయాను. అప్పటికి అయిదు దాటింది. బయట నిలబడి, రోడ్డుకు వీపు పెట్టి, తడిగుడ్డతో రుద్దుతున్నాను. వెనక నుంచి ఎండ వీపు మీద మంటలా. అద్దం శుభ్రమైనకొద్దీ లోపల బొమ్మ తేలుతోంది. చక్రం కనపడింది, ఎద్దు కనపడింది. ఎర్రచీర మాత్రం నల్లగా ఉంది. ఇంకా సున్నం ఉందేమోనని గట్టిగా రుద్దాను. పక్కకు జరిగాను. చీర భగ్గుమని ఎర్రగా వెలిగింది. మళ్ళీ అక్కడికే వచ్చాను. నల్లబడింది.

అది నా నీడ.

అయినా నాకు తట్టలేదు. నేను తెలివిగలదాన్ని కాదు, ఇక్కడైనా ఒప్పుకోవాలి. టీ కొట్టు నుంచి ఆండియప్ప, నేస్తులు రోడ్డు దాటి వచ్చారు, నా వెనక గుంపుగా నిలబడి వేళాకోళం మొదలుపెట్టారు. సున్నం కొట్టిన దానికంటే కడిగేది బాగుందట. మిల్లులో ఉంటే నన్ను మేస్త్రీ చేసేవారట. నేను తిరిగి నాలుగు మాటలు అనబోతూ అద్దంలోకి చూశాను. బొమ్మ మొత్తం నీడలో ఉంది. ఎద్దులు, బండి, ఆమె, ఆమె ముఖం. పైన ఒక్క పట్టీలో మాత్రం ఎండ పడుతోంది, మనుషుల తలలు అందని చోట. సరిగ్గా అక్కడే రంగు ఎప్పుడో పోయి ఉంది.

గుడ్డ పడేసి లోపలికి పరుగెత్తాను. ఆ పట్టీ కింద అంచు నేను ఎప్పుడూ సరిగా చూడలేదు. నేరుగా గీసినట్టు ఉండదు. ఎత్తు, పల్లం, ఎత్తు, పల్లం. తలలు, భుజాలు. ఎర్రదనం మొదలయ్యేది ఆ అంచు కింద నుంచి.

అవ్వ చెప్పింది కదా. సంగు ఊదినాక పొద్దు గూకేదాకా వీపులే.

మొదటి షిఫ్ట్ మూడున్నరకు దిగేది. ఎండ కిటికీలోకి వచ్చేదీ అప్పుడే. ఎండ వచ్చేసరికి వాళ్ళు వచ్చేవాళ్ళు. కిటికీకి వీపు పెట్టి ఒకడు ఆడితే, వాడి భుజాల మీదుగా పదిమంది చూసేవాళ్ళు, చీకటి పడేదాకా ఒక్కడూ జరిగేవాడు కాదు. పక్కనే విదేశీది. చెడిపోయింది, దాని ముందు నిలబడాల్సిన పని ఎవరికీ లేదు. ఎండ దాన్ని ఏళ్ళ తరబడి ఒంటరిగా దొరికించుకుని తినేసింది. ఇరుళప్పన్ రంగులో ఏ గొప్పా లేదు. గేటు బోర్డు చెప్పనే చెప్పింది.

ఆండియప్పకు చెప్పాను. ఆయన విని, కొంచెం ఆలోచించి, అందరిలోకీ పొడుగు తానేనని, కాబట్టి బొమ్మ ముఖాన్ని కాపాడింది ఎక్కువగా తానేనని నేస్తులతో వాదన మొదలుపెట్టాడు.

పెద్దనాయన దగ్గరికి పోయాను. నా షరతులు చెప్పాను. రోజూ మూడున్నర నుంచి పొద్దు గూకేదాకా గుండుపెట్టెకు కాసు అడగకూడదు. నిలబడేవాళ్ళను ఏమైనా కొనమని అడగకూడదు. ఎవరూ రాని రోజు తెర దించాలి, కొట్టు మూసినట్టున్నా సరే. ఆయన పఫ్ తింటూ విన్నాడు. టీ అయినా తాగాలి కదా అన్నాడు. కుదరదన్నాను. సరి అన్నాడు.

ఇక్కడితో ఆగవచ్చు కదా. ఆగలేదు.

“జనం రావాల, నిలబడాల, చూడాల. నేను మొదటి దినం నుంచి చెప్పింది ఇదే కదా కన్నూ?”

ఇదే కాదు. అసలు ఇది కాదు. ఆయన చెప్పింది సిగ్నల్ దగ్గర బండ్లకు కనపడాలని. రేపు మూడున్నర తర్వాత సిగ్నల్ నుంచి ఒక్కడికీ బొమ్మ కనపడదు, వీపులే కనపడతాయి. ఆయన ఇంకా అది ఆలోచించలేదు. నేను చెప్పలేదు. గుంపు చూసి ఇంకో గుంపు వస్తుంది, పఫ్స్ అమ్ముడుపోతాయి, లాభం ఆయనదే. నాకు తెలుసు. ఒళ్ళు మండిపోతోంది. కరపత్రాల్లో దీనికి ఏదో మాట ఉంది, ఇప్పుడు వెతకను.

నేనూ గుడ్డ కప్పాను. చీకట్లో పెడితే చాలనుకున్నాను. ఆమెను కాపాడింది చీకటి కాదు. అవ్వ ఆ గుడ్డను తడిమిన చెయ్యి గుర్తొస్తోంది.

అవ్వను అడిగాను, రేపు వస్తావా అని. మళ్ళీ వీపులు చూసేదానికా అంది. ఈసారి వీపుల ముందు అని చెప్పాను. అయితే ఏ చీర కట్టుకోవాలి అని అడిగింది.

కరుప్పాయి దగ్గరికి కూడా పోయి వచ్చాను. వస్తానని అనలేదు. “మొదటి గుండు నాది. ఆయన్ను ముట్టుకోనీకు” అంది.

ఇక పిలుపు రాయాలి. అరవంలో ఫోను గ్రూపులకు పంపాలి, టీ కొట్టు గోడకు అంటించాలి. ముందు ఇక్కడ, నా భాషలో:

మిల్లులో పని చేసినవాళ్ళారా, వాళ్ళ బిడ్డలారా, టీ కొట్టు బెంచీ మీద ఊరికే కూర్చునేవాళ్ళారా! ఇరుళప్పన్ వేసిన ఎర్రచీరను ఇన్నేళ్ళూ కాపాడింది మీ వీపులు. మీకు తెలియకుండా చేశారు. ఇప్పుడు తెలిసి చేయండి. రేపు ఉగాది, ఆదివారం. మన్రానికి రండి. ముందు వరుస ధనమ్మాళ్‌ది, కరుప్పాయిది. వాళ్ళకూ బొమ్మకూ నడుమ ఎవరూ నిలబడకూడదు. మిగిలినవాళ్ళు వాళ్ళ వెనక, అద్దం గోడకు వీపు పెట్టి, ఒకరికొకరు ఆనుకుని. పొడుగువాళ్ళు తలలు వంచకండి, వెలిసిన పై పట్టీ ఇంకా కిందికి దిగకూడదు. పొద్దు గూకేదాకా జరగవద్దు. సంగు ఊదదు, దాన్ని అమ్మేశారు. టైము మీరే చూసుకుని రండి. మధ్యాహ్నం మూడున్నరకు.